పక్కింటావిడకి చెప్పండి

సన్నీసైడ్, వాషింగ్టన్
ఏప్రిల్ 21

కొమాద్రే అంపారోకి,

మూడు రోజులు బస్సులో కూర్చుని వచ్చాను. మనిషిని దిగాను కానీ నడుము ఇంకా బస్సులోనే ఉన్నట్టుంది. అయినా సణగను. పదకొండేళ్ళ వయసులో మనిద్దరం ఇంతకన్నా దూరాలు లారీ వెనక మూటల మీద కూర్చుని వెళ్ళినవాళ్ళమే కదా. మీ నాన్న చెర్రీ కోతలకి మిషిగన్ తీసుకెళ్ళేవాడు, మా నాన్న ఆస్పరాగస్, ఆపిల్ కోతలకి ఈ లోయకే తెచ్చేవాడు. వేసవంతా మనకి ఉత్తరాలే దిక్కు. అందుకే ఫోనుండగా కాగితం తీశాను. ఫోనులో మీరు ఆఁ, ఊఁ, బాగున్నాం అని పెట్టేస్తారు. కాగితమైతే కనీసం ఒక పేజీ నింపాలి.

ఇక్కడ ఆస్పరాగస్ కోతలు మొదలయ్యాయి. నా పని కూడా మొదలైంది. ఈ లోయలో తోట పనులకొచ్చిన మన మెక్సికోవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఎవరికి ఏ జబ్బులున్నాయి, ఏ వైద్యం అందడం లేదు, నర్సులు మన పద్ధతికి తగ్గట్టు ఎలా నడుచుకుంటే మనవాళ్ళు దగ్గరికి వస్తారు, ఇవన్నీ కనుక్కుని రాయాలి. నలభై రెండు ప్రశ్నలు. నా రిపోర్టు చూసి, తోటలకి ఒక నర్సు బండి పంపాలా వద్దా అని ఆఫీసు తేలుస్తుంది. మా పై అధికారి మిసెస్ హోల్మ్ మంచి మనిషే. ప్రశ్నని ఉన్నదున్నట్టు చదవాలి, ఒక్క మాట కూడా మార్చకూడదు అని మాత్రం మూడుసార్లు చెప్పింది.

ఉండే చోటు బాగుంది. వంటిల్లుంది, కిటికీలోంచి కొండ కనిపిస్తుంది, ఇంటి యజమానురాలు కలుపుగోలు మనిషి. నా గురించి బెంగ పెట్టుకోకండి.

ఇక అసలు సంగతి. నేను బయల్దేరే ముందు మీ వంటింటి బల్ల దగ్గర మీ వేలు పొడిచి షుగరు చూశాను. మూడు వందల పన్నెండు. తీపి రొట్టెలు మూడు తిన్నాను, అందుకే అని మీరు నవ్వారు. రొట్టెలు అంత పని చెయ్యవు కొమాద్రే. ఈస్టరు వెళ్ళగానే క్లినిక్‌కి వెళ్తానని మీ కూతురు యాదిరా మీద ఒట్టేశారు. ఈస్టరు వెళ్ళి రెండు వారాలైంది. వెళ్ళారా? పాదాలు చూపించారా?

యాదిరాని జ్ఞానస్నానం రోజున జ్ఞానతల్లిగా నేను ఎత్తుకున్నాను. ఆ రోజు నుంచి కొమాద్రేలమయ్యాం, అందరిలాగే మన మధ్య కూడా 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. అయినా కోప్పడే హక్కు పోలేదనుకుంటాను. జవాబు రాయండి.

మీ
ఎర్లిండా

*

డొన్నా, టెక్సాస్
మే 9

కొమాద్రే ఎర్లిండాకి,

నేను బాగున్నాను, దేవుడి దయవల్ల. మళ్ళీ అడుగుతారని ముందే రాసేస్తున్నాను. క్లినిక్‌కి వెళ్ళాను. బాగానే ఉందన్నారు. ఆ సంగతి అయిపోయింది.

మీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి నున్నటి నేల మీద తెల్ల బూట్లేసుకుని తిరిగిన మనిషి, మళ్ళీ ఆ ఆస్పరాగస్ చేల గట్ల మీదికే వెళ్ళింది. మీ నాన్న ఉంటే, "ఇందుకేనా నిన్ను చదివించింది" అనేవాడు. అన్నాక ఊరంతా తిరిగి మీ గురించి గొప్పలు కూడా చెప్పేవాడు.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. యాదిరా శాన్ ఆంటోనియోలో చదువులో మునిగి ఉంది. డిసెంబరుకి నర్సవుతుంది, అప్పుడు మీరూ అదీ కలిసి ఊరందరి వేళ్ళూ పొడవచ్చు. ఆదివారం ఫోన్ చేస్తుంది. మిగతా ఆరు రోజులు నేను రేడియోకి జవాబులు చెబుతుంటాను. ఒక్కదానికి సరిపడా పిండి కలపడం ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. చెయ్యి అలవాటు చొప్పున ఆరుగురికి కలిపేస్తుంది. మిగిలిన రొట్టెలు కుక్కకి. కుక్క లావెక్కింది.

మరీ ఒంటరిగా ఉన్నానని అనుకోకండి. పక్కింటి సలీనాస్ వాళ్ళు వరద తర్వాత ఇల్లొదిలి వెళ్ళారు కదా, ఇప్పుడా ఇంట్లోకి ఒకావిడ వచ్చింది. పేరు చోనా, నేను గౌరవంగా డోన్యా చోనా అంటాను. మన వయసే, భర్త పోయాడు. మంచిదే కానీ ఒట్టి మొండి. ఆవిడకి షుగరు. వరద నీళ్ళు గుమ్మం దాటి లోపలికొచ్చిన రోజున బెదురు పట్టింది, ఆ బెదురే షుగరై కూర్చుంది అంటుంది. ఇక్కడ అందరూ అనేదే కదా.

సాయంత్రం పూట వరండాలో కూర్చుని పాదాలు వేడినీళ్ళ తొట్లో పెట్టుకుంటుంది. మొన్న చూస్తే నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. "కాలడం లేదా?" అంటే "గోరువెచ్చగానే ఉన్నాయే" అంది. ఇది కంగారు పడాల్సిన విషయమేనా? మిమ్మల్ని అడగమంది.

మీ
అంపారో

*

సన్నీసైడ్
జూన్ 16

కొమాద్రే,

మీరు క్లినిక్‌కి వెళ్ళినందుకు ప్రాణం కుదుటపడింది. యాదిరా పరీక్షల కోసం మరియ మాతకి ఒక కొవ్వొత్తి వెలిగించాను, రెండోది మీ కోసం వెలిగించాను.

మీ పక్కింటావిడ సంగతి కంగారు పడాల్సిందే. వేడి తెలియడం లేదంటే పాదాల్లో నరాలు చచ్చిపోతున్నాయన్నమాట. బెదురుకి షుగరు రాదు. రక్తంలో వస్తుంది, తిండితో పెరుగుతుంది, నిర్లక్ష్యంతో కాలు తీసుకుంటుంది. ఆవిడకి నా మాటగా చెప్పండి. ఇలాంటి వాళ్ళకి ఇరవై రెండేళ్ళు కట్లు కట్టాను. చెబితే వినరు, వేలు నల్లబడ్డాక ఏడుస్తూ వస్తారు, అప్పుడు డాక్టరుదే తప్పంటారు. తెలియకపోతే జాలిపడచ్చు, తెలిసీ దాచుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీకున్న బుద్ధిలో సగం ఆవిడకుంటే బాగుండేది. చెయ్యి పట్టుకుని క్లినిక్‌కి లాక్కెళ్ళండి.

చిరాకులో ఉన్నాను కొమాద్రే, అందుకే ఇలా రాస్తున్నాను. ఇప్పటికి నూట నలభై ఇళ్ళు తిరిగాను. అన్నిచోట్లా ఒకటే తంతు. మెడలో బ్యాడ్జీ వేసుకుని గుమ్మంలో నిలబడతాను. "గడిచిన పన్నెండు నెలల్లో మీ ఆరోగ్యం ఎలా ఉంది? చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు" అని చదువుతాను. "బాగుంది, దేవుడి దయ" అంటారు. ఒకావిడ దగ్గు తెరల మధ్య చెప్పింది. ఇంకొకావిడ తలుపు పట్టుకుని నిలబడి చెప్పింది. నేను గడిలో టిక్కు పెట్టాను. ఉన్నదున్నట్టు చదవమన్నారు, విన్నది విన్నట్టు రాయమన్నారు.

నూట నలభైలో నూట ముప్ఫై ఒక్క ఇళ్ళు బాగున్నాయి. మిసెస్ హోల్మ్ ఆ కాగితాలు చూసి చాలా సంతోషించింది.

మీ
ఎర్లిండా

*

డొన్నా
జూలై 14

కొమాద్రే,

బాగున్నాను.

మీరు రాసింది ఆవిడకి చదివి వినిపించాను. వింటూనే లేచింది. తొట్టెలో నీళ్ళు పారబోసి లోపలికెళ్ళిపోయింది.

ఇక్కడ గాలివాన వచ్చి వెళ్ళింది. నా ఇంటికి ఏం కాలేదు. పక్కింటి పైకప్పు ఒక పక్కంతా కూలింది, లోపల చచలాకాలు కాపురం పెట్టాయి. మీకు తెలుసుగా ఆ పక్షుల గోల, తెల్లారకముందే మొదలు. మనిషి అలికిడి లేని చోటు చూసుకుని చేరాయి. వాటిని తిడుతూ లేవడం అలవాటైంది. ఒక విధంగా నయమే, పొద్దున్నే తిట్టడానికి ఎవరో ఒకరున్నారు.

చోనా గురించి మీరు అంత మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ మూర్ఖురాలు కాదు. సూది మందు మొదలుపెట్టాలని ఎప్పుడో ఒక డాక్టరు చెప్పాడట. ఆవిడ పిన్నికి సూది మొదలెట్టిన మూడు నెలలకి రెండు కళ్ళూ పోయాయి. కళ్ళారా చూసిన మనిషికి పుస్తకంలో రాసింది చెబితే ఏం లాభం? వంతెన దాటి మెక్సికో వైపు ప్రోగ్రెసోలో మాత్రలు కొనుక్కుని వేసుకుంటోంది. ఇప్పుడు ఎడమ కాలి చిటికెన వేలి పక్కన ఒక మచ్చ వచ్చింది, ముదురు రంగులో. నొప్పి లేదంటుంది. నొప్పి లేకపోతే మంచిదేగా అని అడుగుతోంది. నేనేం చెప్పను, నేనేమన్నా నర్సునా?

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. లోయలో ప్రతి ఇంటి వంటగది గురించీ రాస్తున్నారు, మీ వంటగది గురించి ఒక్క ముక్క లేదు. ఏం తింటున్నారు? ఆ కలుపుగోలు యజమానురాలి పేరేమిటి?

అంపారో

*

సన్నీసైడ్
ఆగస్టు 25

కొమాద్రే అంపారోకి,

జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకండి. ఈ నెల నాకు బాగా జరగలేదు.

మొదటి వారంలో మిసెస్ హోల్మ్ అందర్నీ కూర్చోబెట్టి లెక్కలు చదివింది. రెండు వందల పన్నెండు ఇళ్ళలో నూట తొంభై ఆరు ఆరోగ్యంగా ఉన్నాయి. "మీవాళ్ళు నేను భయపడినదానికన్నా ఎంతో గట్టివాళ్ళు ఎర్లిండా, చాలా సంతోషంగా ఉంది" అంది. ఆవిడ సంతోషంలో కల్మషం లేదు, అదే నాకు బాధ. నర్సు బండి అవసరం ఎక్కువున్న ఇంకో చోటికి వెళ్తుందట.

ఆ మరుసటి రోజే ఆపిల్ షెడ్డులో పనిచేసే ఒకావిడ పండ్లు కదిలే బెల్టు పక్కనే కూలబడింది. రొసౌరా అని, యాభై ఏళ్ళుంటాయి. బూటు విప్పితే వాసనకి అందరూ దూరం జరిగారట. మోకాలి కింద నుంచి తీసేశారు. ఆవిడ ఇంటికి నేను జూన్‌లో వెళ్ళాను. "బాగుంది, దేవుడి దయ" అంది. ఆ గడిలో టిక్కు పెట్టింది నా పెన్నే.

శనివారం ఊరికే ఆ వీధిలో నడుస్తుంటే డోన్యా ఎవారిస్తా వరండాలోంచి పిలిచింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళుగా చెర్రీలు ఏరుతోంది. ఆవిడ కూడా నా కాగితాల్లో 'చాలా బాగుంది'.

"ఏమ్మా నర్సమ్మా, ఇవాళ పెన్ను లేదేం?" అంది.

"సెలవు."

"అయితే లోపలికి రా. పెన్ను లేకపోతే కాఫీ ఉంది."

కూర్చున్నాను. దాల్చినచెక్క వేసిన కాఫీ పెట్టింది, తీపి రొట్టె ముందుకు తోసింది. నేను రొసౌరా మాట ఎత్తి, ముందే చెప్పి ఉంటే కాలు దక్కేది కదా అన్నాను.

"ఎవరికి చెప్తుందే? గుమ్మంలో నిలబడి మెడలో ఆ అట్టముక్క ఏలాడేసుకుని, బాగున్నావా బాగాలేవా అని అడిగితే ఎవత్తైనా బాగున్నాననే అంటుంది. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి నా పుండు చూడు అంటామా? సిగ్గు లేదూ? మీ అమ్మ నీకిదే నేర్పలేదా?"

"నేర్పింది."

"మరి అలా అడిగావేం?"

 ప్రశ్న మార్చకూడదన్నారు అని గొణిగాను. ఆవిడ నవ్వింది. "మనోళ్ళ రోగం మనోళ్ళని అడక్కూడదే పిచ్చిదానా. కూర్చో, కాఫీ తాగు, పక్కింటావిడ గురించి అడుగు. పక్కింటావిడ సంగతైతే ఎంతసేపైనా చెప్తారు. కాళ్ళు తిమ్మిరులంటారు, కళ్ళు మసకలంటారు, మొగుడితో చెప్పలేదంటారు. ఆ పక్కింటావిడ ఎవరో వినేదానికి తెలియాల. తెలిసినా తెలీనట్టుండాల. మందేదో ఆ పక్కింటావిడకే చెప్పి రావాల."

తర్వాత వారమంతా సాయంత్రాలు ఆ వీధిలోనే తిరిగాను. బ్యాడ్జీ జేబులో పెట్టుకున్నాను. ప్రతి ఇంట్లో కూర్చున్నాను, పెట్టింది తిన్నాను, చుట్టుపక్కల వాళ్ళెలా ఉన్నారని అడిగాను. ఆ వీధిలో ఉన్నవి పదకొండు ఇళ్ళు కొమాద్రే. జబ్బుతో ఉన్న పక్కింటావిడలు పంతొమ్మిది మంది తేలారు. ఎవారిస్తా గారి పక్కింటావిడకి రొమ్ములో గడ్డ ఉంది. ఎవారిస్తా గారి పక్కన ఇల్లే లేదు, కోళ్ళ గూడుంది.

ఇదంతా మీకు రాసి, మీరు నవ్వుతారని నేనూ నవ్వుకుని, కాఫీ పెట్టుకోడానికి లేచాను. పొయ్యి వెలిగించి అలాగే నిలబడిపోయాను. తిరిగొచ్చి మీ ఉత్తరాలు రెండూ తీసి చదివాను.

జూలై ఉత్తరంలో పక్కింటి పైకప్పు కూలింది. చచలాకాలు మనిషి అలికిడి లేదని చేరాయి. అదే ఉత్తరంలో డోన్యా చోనా కాలికి మచ్చ వచ్చింది. డోన్యా చోనా పిన్నికి సూది వల్ల కళ్ళు పోయాయి. మీ పిన్ని కూకాని చెయ్యి పట్టుకుని ఆదివారం గుడికి తీసుకెళ్ళింది మనిద్దరమే. కుడి చెయ్యి మీరు, ఎడమ చెయ్యి నేను. మెట్లు వచ్చినప్పుడల్లా మీరు పైకి లెక్కపెట్టేవారు.

నేనేమీ అనడం లేదు. అడగడం కూడా లేదు. మీరు ఈ ఉత్తరం మీ పక్కింటావిడకి చదివి వినిపించండి, అంతే.

డోన్యా చోనా, మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అయినా మీకు బుద్ధి లేదన్నట్టు రాశాను. తెలిసీ దాచుకుంటారన్నాను. ముందు దానికి నన్ను క్షమించాలి. మీరు వరండాలో కూర్చుని వేడినీళ్ళ గురించి అడిగించినప్పుడు అది అడగడానికి మీకు ఎంత పట్టి ఉంటుందో నేను ఆలోచించలేదు. ఇరవై రెండేళ్ళు కట్లు కట్టినదాన్ని, ఎదురుగా ఉన్న కాలిని చూడలేదు.

సూది గురించి. మీ పిన్ని కళ్ళు సూది వల్ల పోలేదు. సూది మొదలుపెట్టేసరికే కళ్ళు సగం పోయాయి, ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కళ్ళు పోయే వేళకి సూది వచ్చింది, నింద దానికి పడింది. మీరు చూసింది అబద్ధం కాదు, ముందు జరిగింది మీకు కనపడలేదు, అంతే.

నొప్పి లేకపోతే మంచిదే కదా అని అడిగారు. కాదు. నొప్పి ఉంటే నేను ఇంత భయపడేదాన్ని కాదు. ఆ మచ్చ నల్లబడినా, తడిసినట్టున్నా, వాసన వచ్చినా ఆ రోజే వెళ్ళండి. మర్నాటికి వద్దు. ఒంటరిగా వెళ్ళాలంటే కష్టం, నాకు తెలుసు. మా కొమాద్రేని తోడు తీసుకెళ్ళండి. ఆవిడ ఎవరికైనా తోడు వెళ్తుంది, తనకి తోడు కావాలని మాత్రం ఎవర్నీ అడగదు.

చోనా గారూ, బదులుగా నేనూ ఒక పక్కింటావిడ సంగతి చెబుతాను. ఇక్కడ నా పక్కన ఒక నర్సు ఉంటోంది. టైర్ల కొట్టు వెనక ఒక గది. వంటిల్లంటే ఒక చిన్న పొయ్యి. కిటికీలోంచి కనిపించేది కొండ కాదు, పాత టైర్ల గుట్ట. యజమానురాలంటూ ఎవరూ లేరు, తాళం చెవి పెట్టెలో పెట్టి వెళ్ళారు. మధ్యాహ్నం ఇళ్ళ మధ్య ఆఫీసు కారాపుకుని, స్టీరింగు మీద కాగితం పరుచుకుని తింటుంది. ఆదివారం గుడిలో అందరూ వెళ్ళేదాకా కూర్చుంటుంది, ఎవరైనా పలకరిస్తారేమోనని. వాళ్ళ కొమాద్రేకి మాత్రం అంతా బాగుందని రాస్తుంది. ఆవిడకేం మందు చెబుతారో మీరు చెప్పండి.

మీ
ఎర్లిండా

*

సన్నీసైడ్
సెప్టెంబరు 23

కొమాద్రే,

నాలుగు వారాలైంది, ఉత్తరం లేదు. రోజూ పోస్టు పెట్టె తెరిచి, లోపలికి చెయ్యి కూడా పెట్టి చూస్తున్నాను, మూలలో ఇరుక్కుందేమోనని.

ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తారు. "బాగున్నాను, దేవుడి దయ" అన్నారు. పక్కింటావిడ ఎలా ఉంది అని అడిగాను.  వెనక చచలాకాలు అరవడం వినిపించింది. "ఉత్తరం రాస్తానులెండి" అని పెట్టేశారు.

మిమ్మల్ని దాటి ఏమీ చెయ్యలేదు నేను. యాదిరాకి చెప్పలేదు. పరీక్షలని తెలుసు, దాని చదువు ఆగుతుందనే మీ భయం కూడా తెలుసు. కానీ ఈ శనివారం దాకా చూస్తాను. అప్పటికీ మీ పక్కింటావిడ డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే యాదిరాకి ఫోన్ చేస్తాను. మీకు కోపం వచ్చినా సరే, కొమాద్రే పిలుపు తెగిపోయినా సరే. కోపంతోనైనా రెండు కాళ్ళ మీద నిలబడి ఉండండి.

ఇక్కడ ఆపిల్ కోతలు. పాత కాగితాలు పక్కన పెట్టి, పక్కింటావిడల కాగితాలు కొత్తగా రాసి మిసెస్ హోల్మ్ బల్ల మీద పెట్టాను. "ఇది మనం అడగమన్న ప్రశ్న కాదే" అంది. కాదన్నాను. మొత్తం చదివింది. తర్వాత అద్దాలు తీసి, "ఎవారిస్తా గారి ఇంటికి నన్నూ తీసుకెళ్తావా, నాకు కూర్చోవడం నేర్పుతావా" అని అడిగింది. బండి సంగతి ఇంకా తేలలేదు.

మీ ఉత్తరం కోసం చూస్తూ,
ఎర్లిండా

*

ఆస్పత్రి, రెండో అంతస్తు
అక్టోబరు 6

ఎర్లిండా,

మీ ఆగస్టు ఉత్తరం పక్కింటావిడకి చదివి వినిపించాను. రెండుసార్లు. మొదటిసారి ఆవిడకి మండిపోయింది, నా కొంపలోకి తొంగి చూడ్డానికి ఈ ఎర్లిండా ఎవర్తి అంది. కాగితం మడిచి పిండి డబ్బాలో పెట్టేసింది. రెండోసారి మీ టైర్ల గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఏడ్చింది. తన కాలికి ఏడవని మనిషి మీ స్టీరింగుకి ఏడ్చింది.

అయినా వెంటనే వెళ్ళలేదు. రోజూ రేపు రేపు అంటూ పొద్దుపుచ్చింది. మీరు శనివారం అని గడువు పెట్టారు కదా, శుక్రవారం పొద్దున కుక్క వచ్చి ఆవిడ పాదం వాసన చూసి వెనక్కి తగ్గింది. పెంచిన కుక్క, ఆవిడ చేతి రొట్టెలు తిని లావెక్కిన కుక్క. అప్పుడు వెళ్ళింది. తోడు నేనే వెళ్ళాను. మీరు చెప్పినట్టు, నేను ఎవరికైనా తోడు వెళ్తాను.

రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆగితే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. సూది కూడా మొదలుపెట్టారు. పొద్దున లేవగానే ఆవిడ మొదట కళ్ళు తెరిచి గోడ మీద క్యాలెండరులో అంకెలు చదువుకుంటోంది. ఇప్పటిదాకా అన్నీ కనిపిస్తున్నాయి.

ఇప్పుడు చెబుతున్నాను. డోన్యా చోనా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో పక్షులు తప్ప ఎవరూ లేరు. ఇక మీదట ఏదైనా అడగాలనిపిస్తే నన్నే అడుగు.

ఏప్రిల్లో క్లినిక్‌కి వెళ్ళాననడం అబద్ధం. గేటు దాకా వెళ్ళి వచ్చేశాను. ఇరవై రెండేళ్ళకి ఒక్కసారి నువ్వు నీకు నచ్చిన పనికి బయల్దేరావు. నిజం రాస్తే మూడు రోజుల బస్సు మళ్ళీ ఎక్కి వచ్చేసేదానివి. యాదిరా పుస్తకాలు మూసేసేది. మీ ఇద్దరి దారికీ అడ్డం పడేది నా పాదమా అనుకున్నాను. అదొకటి. ఇంకొకటి కూడా ఉంది, ఇక్కడ పడుకుని ఆలోచిస్తే తెలిసింది. మిషిగన్ నుంచి రాసిన ఉత్తరాల్లో నీకు అన్నీ చెప్పేదాన్ని. తలలో పేలు, మా నాన్న తాగుడు, మొదటిసారి బట్టల్లో రక్తం చూసి చచ్చిపోతున్నానని భయపడటం, అన్నీ. 'నువ్వు' అని రాసేదాన్ని అప్పుడు. నా బిడ్డని నీ చేతుల్లో పెట్టిన రోజు నుంచి నీకు గౌరవం ఇచ్చాను. ఇచ్చిన గౌరవం మధ్యలో కూర్చుంది. 'మీరు' అని పిలిచే మనిషి ముందు పాదం జాపడం నా వల్ల కాలేదు. అందుకని చోనాని కూర్చోబెట్టాను. నువ్వు ఆవిడని తిట్టినప్పుడు రెండు రోజులు అన్నం తినబుద్ధి కాలేదు.

యాదిరాకి నేనే చెప్పాను. వచ్చింది, అచ్చం నీలాగే తిట్టింది, కట్టు విప్పి చూసి మళ్ళీ కట్టింది. చెయ్యి తేలిక దానికి. ఆదివారం పరీక్షకి పంపేశాను. వెళ్ళనని మంచం కమ్మీ పట్టుకుంది. వెళ్ళి పాసై రా, ఇంకా ఎనిమిది వేళ్ళున్నాయి నీ కోసం అన్నాను. ఏడుస్తూ నవ్వింది.

ఇప్పుడు గదిలో ఎవరూ లేరు. పక్క మంచం ఖాళీ. కిటికీలోంచి కార్లు నిలిపే చోటు కనిపిస్తుంది, వచ్చే కారల్లా ఎవరిదో అని చూస్తుంటాను, ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళెవరికీ కారు లేకపోయినా.

ఈ పొద్దున ఒక నర్సు పిల్ల వచ్చింది. చేతిలో కాగితం, పెన్ను. మన పిల్లే, మన మాటే. గుమ్మంలో నిలబడి ఇవాళ ఎలా ఉన్నారని అడిగింది. బాగున్నాను, దేవుడి దయ అన్నాను. టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది. మంచం పక్కన కుర్చీ ఉంది, కూర్చోలేదు.

నాకేం ఫర్వాలేదు, నీ పని పూర్తయ్యాకే రా అని ఇక్కడ ఒక ముక్క రాశాను. తర్వాత కొట్టేశాను. ఆ కొట్టివేత కింద ఉన్నది చదవకు.

నేను బాగాలేను ఎర్లిండా. రా.

అంపారో